బండి తాళం ఎక్కడ నాన్నా?

పర్యాటక శాఖ అధికారి గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మా ఏడేళ్ల పాపను చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లాను. షాండ్లియర్లు చూసి మురిసిపోతుందనుకుంటే, పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర పాతుకుపోయింది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. బండి చేతికందకముందే, 1911లో ఆయన పోయారు. "పాపం, ఒక్క రౌండైనా కొట్టలేదా?" అంది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఎందుకుందో చెప్పాను. "మరి తాళం ఎక్కడ పెడతారు?" ఆ రోజుల్లో ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారని చేత్తో గాల్లో తిప్పి చూపించాను. పక్కనున్న ఇద్దరు పిల్లలూ తిప్పడం మొదలుపెట్టారు! నా పరిజ్ఞానం అంతవరకే. తర్వాతి ప్రశ్నలకు ఫోన్ తీయాల్సి వచ్చింది.

నా విన్నపం ఒక్కటే. నెలకో ఆదివారం పాతకాలపు మెకానిక్ ఒకరిని పిలిపించి, పిల్లలతో తెలుగులో, ఉర్దూలో మాట్లాడించండి. మన ఊళ్లో అలాంటి వాళ్లకు కొదవా? బండి స్టార్ట్ చేయక్కర్లేదు, బానెట్ ఎత్తి చూపిస్తే చాలు.

మా పాప అప్పుడే "మళ్లీ ఎప్పుడు?" అంటోంది. ఈ శుక్రవారమే అని పట్టుబడితే, ఆ రోజు సెలవని చెప్పి తప్పించుకున్నాను.

ఇట్లు,
ఒక నాన్న, హైదరాబాద్