ఎస్‌జీఓటీ పెరిగితే లివరే పోవాలా?

సంపాదకులకు,

ఈమధ్య మీ జిల్లా పేజీలో ‘ఎంజైములు పెరిగాయా? కాలేయం పోయినట్టే!’ అని వేశారు. ఆ ముక్క చింపి జేబులో పెట్టుకుని తెల్లారేసరికి మా బావమరిది గుమ్మంలో ఉన్నాడు. ‘బావా, నా లివరు పోనాది’ అని ఒకటే గోల.

వాడు రైసుమిల్లు కళాసీ. ముందురోజు ఏదో ఉచిత శిబిరంలో పరీక్షకి రక్తమిచ్చాడు. లివరు పరీక్షలో చూసే రెండు ఎంజైములు, ఎస్‌జీఓటీ 118, ఎస్‌జీపీటీ 52. నలభై దాటకూడదట, అంకెల పక్కన నక్షత్రాలు. ఉచితం కదా, రెండు సీసాల టానిక్కు మాత్రం డబ్బులకే అంటగట్టారు. ముప్పై ఏళ్లు ల్యాబులో, రక్తం గడ్డకట్టాక పైన తేరే సీరం తీసినవాణ్ణి, ఒక్కటే అడిగాను: అంతకుముందు ఏం పని చేశావురా? రెండు లారీలకి బస్తాలెత్తాడట. ఎస్‌జీఓటీ లివరు సొంతాస్తి కాదండీ, కండలోనూ ఉంటుంది, గుండెలోనూ ఉంటుంది. ఆరోజే, కండ నలిగితే పెరిగే సీపీకే అనే ఎంజైము పరీక్ష చేయిస్తే అదీ పెరిగే ఉంది. అంటే కండల గొడవ. పది రోజులు బస్తా ముట్టనివ్వలేదు. నిన్న చూస్తే రెండూ నలభై లోపే. పది రోజుల కూలి ఎవరిస్తారు?

ఇక రక్తం ప్రయాణం. పల్లెల్లో తీసిన నమూనా థర్మాకోల్ పెట్టెలో, బైకు వెనక, గోతుల్లో ఎగిరెగిరి పట్నం చేరుతుంది. కుదుపుకి ఎర్రకణాలు చితికితే సీరం ఎర్రగా దిగుతుంది. వాటిలోనూ ఎస్‌జీఓటీ ఉంది మరి! అలాంటిది పారబోసి మళ్లీ సూది గుచ్చాలి. ఎవరికి తీరిక? మిషన్లో పెట్టేస్తారు. రోడ్లు వేసే పెద్దలకు తెలుసో లేదో, వాళ్ల గోతులు మా లివర్లలో తేలుతున్నాయి. 2022లో మా రాజాన్ని శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మార్చారు. జిల్లా మారింది, గొయ్యి మారలేదు.

‘నార్మల్ వస్తే బెంగ లేదు’ అని రాశారే, అది ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి తాగి లివరు గట్టిపడ్డవాడికీ ఈ అంకెలు మామూలుగానే రావచ్చు. ఎంజైము కారడానికి బతికున్న కణాలు మిగలాలి కదా. అక్కడ చూడాల్సింది లివరు తయారుచేసే అల్బుమిన్ అనే ప్రొటీను, కామెర్ల పసుపు తెచ్చే బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం. మా వీధిలో ఒకాయన నార్మల్ రిపోర్టు చూపించి మరీ సీసా తెచ్చుకునేవాడు. ఆఖరికి పొట్టకి నీరు పట్టి విశాఖ మోసుకెళ్లారు.

కామెర్లకి పసరు పోసేవాణ్ణి మనం వెక్కిరిస్తాం. నక్షత్రం చూసి టానిక్కు అమ్మేవాడు వాడికన్నా ఏం ఎక్కువ చదివినట్టు?

సవరణ వేస్తే ఆ వార్త వేసినంత అక్షరాల్లోనే వెయ్యండి. మూలన చిన్నగా వేశారంటే మా బావమరిదికి కళ్లజోడు కూడా నేనే కొనాలి.

— ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, రాజాం