నొప్పి తగ్గితే లిగమెంట్ అతికినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మోకాలి గాయాల మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రాయాల్సిన విషయమే. కానీ "కొంచెమే చిరిగిన లిగమెంట్ విశ్రాంతి తీసుకుంటే అతుక్కుంటుంది" అని అన్ని లిగమెంట్లనీ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీల్ని) ఒకే గాటన కట్టేశారు. నాకు మోకాలి కీలు మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ సగం చిరిగినప్పుడు సరిగ్గా ఈ మాటే చెప్పి పంపించారు. రెండు నెలలకి నొప్పి పోయింది, తగ్గిపోయిందనుకున్నాను. ఒకరోజు గబుక్కున పక్కకు తిరిగితే మోకాలు జారినట్టయింది, మిగిలిన పోగులు కూడా తెగిపోయాయి. అందుకే ఈ ఉత్తరం.

మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్ అనే లిగమెంట్ కీలు గుంటకు బయట ఉంటుంది. అది చిరిగితే కారిన రక్తం అక్కడే గడ్డకడుతుంది, ఆ గడ్డే తెగిన కొసల మధ్య వంతెన అవుతుంది, ఫైబ్రోబ్లాస్ట్ కణాలు దాని మీదుగా పాకివచ్చి కొత్త కొల్లాజెన్ (లిగమెంట్ పోగులుగా ఉండే ప్రొటీన్) అల్లుతాయి. ఏసీఎల్ అలా కాదు. అది కీలు మధ్యలో, పల్చని పొర చుట్టుకుని ఉంటుంది. ఆ పొర చిరిగితే రక్తమంతా కీలు ద్రవంలో కలిసిపోతుంది (గాయమైన కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిపోయేది ఎక్కువగా దీనివల్లే), ఆ ద్రవంలో ఉండే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ గడ్డను నిలవనివ్వకుండా కరిగించేస్తుంది. తెగిన కొసల దగ్గర కణాలు పెరుగుతాయి, కొత్త రక్తనాళాలు కూడా వస్తాయి, పాపం అవి చేయగలిగింది చేస్తాయి, కానీ దాటడానికి వంతెనే ఉండదు.

పాక్షికంగా చిరిగినప్పుడు ఆశ లేదని నేను అనడం లేదు. పొర చెదరకుండా, మిగిలిన పోగులు కొసల్ని దగ్గరగా పట్టి ఉంచితే కొందరిలో ఏసీఎల్ కూడా కలుస్తుంది. ఎన్ని పోగులు మిగిలాయి, మోకాలు ఎంత వదులుగా ఉంది అన్నది చేత్తో కదిలించి చూసి, ఎమ్మారైతో పోల్చుకుని తేల్చుకోవాలి. "పార్షియల్" అన్న ఒక్క మాట చూసి ధైర్యపడకూడదు.

ఇంకోటి, బాగా అతికిన ఎంసీఎల్ కూడా పాతదిలా ఉండదు. మామూలు లిగమెంట్‌లో ఎక్కువగా టైప్ 1 కొల్లాజెన్ ఉంటుంది, లావుపాటి పోగులు ఒకే దిక్కుగా, సన్నని అలల్లా ముడతలు పడి ఉంటాయి, లాగినప్పుడు ముందు ఆ ముడతలు విప్పుకుంటాయి. కొత్తగా పుట్టిన మచ్చ కణజాలంలో టైప్ 3 కొల్లాజెన్ వాటా ఎక్కువ, పోగులు సన్నం, అమరిక చిందరవందర. అది సర్దుకోవడానికి ఏడాది పైనే పడుతుంది, అప్పటికీ పాత బలం పూర్తిగా రాదు. నొప్పి మాత్రం వాపు దిగగానే, కొన్ని వారాల్లోనే పోతుంది. నేను మోసపోయింది అక్కడే.

అలాగని నెలల తరబడి కదలకుండా కూర్చోవడమూ తప్పే. బరువు పడని లిగమెంట్ బలహీనపడుతుంది, ఎముకకు అంటుకున్న చోట కూడా. కొలతగా పడే లాగుడే కొత్త పోగుల్ని వరసలోకి తెస్తుంది. కాబట్టి ఫిజియోథెరపీ తప్పనిసరి, మెలి తిప్పే ఆటలు మాత్రం చాలా తర్వాత.

దయచేసి వచ్చే వారం ఒక చిన్న సవరణ వేయండి, ఏసీఎల్‌ని, ఎంసీఎల్‌ని విడివిడిగా. ఈ వారం మీ వ్యాసం చదివి క్రేప్ బ్యాండేజ్ విప్పేసిన వాళ్లు ఉండే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు