గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి మంగళగిరి నేతకారుల బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

ఉప్పలపాడు చెరువు పక్షులను మేం ఏడుగురం కలిసి ఒక పెద్ద గోడతెరగా నేస్తున్నాం. ఒక్కొక్కరం ఒక్కో పట్టీ నేసి చివర్లో కలిపి కుట్టాలి. మంగళగిరి చీరకు అందమంతా నిజాం అంచు అనే జరీ అంచులోనే, ఒళ్లు సాదాగా ఉంటుంది. అందుకే పక్షి బొమ్మ నేయడం మాకు కొత్త. ఎర్రకాళ్ల కొంగ రెక్క మీది గులాబీ రంగు కోసమే నూలుకి నాలుగుసార్లు అద్దకం వేయించాం. పెలికాన్ ముక్కు కింది సంచి కుదరలేదని మా పెద్దాయన రెండు రోజులు పోగులు విప్పి మళ్లీ నేశారు. ఇప్పుడది చూస్తే నిజంగా చేపను మింగినట్టే ఉంది.

నాలుగు పట్టీలు అయ్యాయి. మిగిలిన మూడింటికి టెన్షనంతా వానతోనే. మావి గుంట మగ్గాలు. గుంటలో నీరు ఊరితే కాలు పెట్టలేం. పడుగుకి, అంటే మగ్గం మీది నిలువు పోగులకి, తేమ పడితే బిగువు మారుతుంది, పట్టీలు కలవవు, కొంగ మెడ ఒకచోట తల ఒకచోట పడతాయి.

మేం డబ్బు అడగడం లేదు. మంగళగిరిలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ హాలు ఏదైనా, తడి చేరనిది, 3 నెలలు ఇప్పించండి. గుంట అక్కర్లేని స్టాండు మగ్గాలు మేమే తెచ్చుకుంటాం, కరెంటు బిల్లూ కట్టుకుంటాం. వీలైతే ముందు ఒకసారి వచ్చి ఆ నాలుగు పట్టీలు చూడండి సార్.

ఇట్లు,
మంగళగిరి నేతకారులు