గట్టు మీద ఐదుగురు, మేత ఒక్కటే: ఈ వానాకాలం మా గాలాల దుకాణంలో మార్పులు

ముందు మా తప్పు సంగతి. గాలం వేసేచోటికి చేపలను రప్పించడానికి ముద్దలు చేసి విసిరే మేత పొడి, జూన్‌లో అమ్మిన కిలో ప్యాకెట్లు కొన్ని చెడిపోయాయి. ముద్ద నిలవట్లేదని, నీళ్లలో పడగానే విచ్చిపోతోందని, మక్కిన వాసన వస్తోందని మీరు చెప్పింది నిజమే. కారణం తవుడు. తవుడులో నూనె ఉంటుంది, ఆ నూనెను పాడుచేసే ఎంజైమూ అందులోనే ఉంటుంది. వేయించకుండా నాలుగు రోజులు మూట కట్టి ఉంచితే చేదెక్కిపోతుంది. మేం ఉంచాం. ఆపైన వేయించింది చల్లారకముందే కవర్లలో పోసి సీలు వేశాం. లోపలి ఆవిరి చెమ్మగా మారి పల్లి చెక్కకు బూజు పట్టింది.

మీ దగ్గరున్న ప్యాకెట్ విప్పి చూడండి. పాత నూనె డబ్బా వాసన వచ్చినా, గడ్డలు కట్టినా, ఆకుపచ్చ మచ్చలు కనిపించినా చెరువులో వేయొద్దు. పారేయడం ఎందుకని కోళ్లకో బర్రెలకో కూడా పెట్టొద్దు, పల్లి చెక్క మీది బూజులో విషం ఉండొచ్చు. సగం వాడిన ప్యాకెట్ అయినా తెండి, కొత్తది ఇస్తాం. ఇప్పుడు తవుడు మర పట్టిన రోజే తెచ్చి వేయిస్తున్నాం, బట్ట మీద పరిచి రాత్రంతా ఆరబెట్టాకే ప్యాక్ చేస్తున్నాం. ఈ పనికి కిలోకి 10 రూపాయలు పెరిగింది.

ఇక కొత్తది: 5 కిలోల గట్టు ప్యాక్. గుంపుగా వెళ్లేవాళ్లకు విడి ప్యాకెట్లు అమ్మితే మాకే లాభం, కానీ మీకు చేపలు పడవు. ఐదుగురు ఐదు రకాల మేత ఐదు చోట్ల విసిరితే మంద ఎక్కడా కుదురుగా నిలబడదు. ఒకరి దగ్గర సోంపు వాసన, ఇంకొకరి దగ్గర మెంతి, మూడోవాళ్లు ఏలకుల నీళ్లు. చేప ఒకచోట రెండు ముక్కలు తిని ఇంకోచోటికి పోతుంది. అందరూ ఒకే మేత ఒకేచోట వేస్తే ఒకరి ముద్ద కరిగేలోపు ఇంకొకరిది పడుతుంది, మంద అక్కడే మసులుతుంది.

ప్యాక్‌లో వేయించిన తవుడు 2 కిలోలు, పల్లి చెక్క పొడి కిలోన్నర, మక్కజొన్న రవ్వ కిలో, మైదా అర కిలో. వాసన మేం కలపలేదు. ఏది కావాలో మీలో మీరు తేల్చుకోండి, అదొక్కటే కలపండి. నీళ్లు ఒక్కసారి పోయొద్దు. ముందు లీటరున్నర చల్లి, పావుగంట మూత పెట్టి, ఆ తర్వాత గుప్పెడు గుప్పెడు చిలకరించండి. చెరువు నీళ్లే వాడండి. పిడికిట్లో నొక్కితే నిలవాలి, బొటనవేలితో నెడితే విరగాలి. నెట్టినా విరగకపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, ముద్ద రాయిలా అడుగున కూర్చుంటుంది. మొదట బత్తాయంత ముద్దలు పది, ఆపైన అరగంటకు రెండు చాలు. చేపలు ఆడుతున్నాయని మురిసి గంపెడు వేస్తే కడుపు నిండి ఎర ముట్టవు. ముద్దలు విసరడం ఒక్కరికే అప్పగించండి, చేయి కుదిరినవాళ్లకి. ఐదు చేతులు విసిరితే మేత పది గజాల మేర చెల్లాచెదురవుతుంది.

కూర్చునే వరుస గురించి కౌంటర్ దగ్గర రోజూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాం. బొచ్చ చేప నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది. దానికోసం దారానికి నీళ్ల మీద తేలే బెండు కట్టి ఎరను మూడు నాలుగు అడుగుల లోతులో వేలాడదీయాలి. రవ్వ చేప నడిమి నీళ్లలో, మోసు, బంగారు తీగ చేపలు అడుగున. కాబట్టి ఒకే మేత మీద బెండువాళ్లూ అడుగు గాలంవాళ్లూ కలిసి కూర్చోవచ్చు, ఒక్క షరతు మీద: గాలి ఎటు వీస్తుందో ఆ చివర బెండువాళ్లు కూర్చోవాలి. లేదంటే బెండు కొట్టుకొచ్చి అందరి దారాల మీదా పడుతుంది. మనిషికీ మనిషికీ మధ్య నాలుగు గజాలైనా వదలండి. అల్లిక దారం వాడేవాళ్లు ఉంటే వాళ్లను రెండో చివర పెట్టండి. చేప బిగించి లాగుతున్నప్పుడు అల్లిక దారం నైలాన్ మీద రాసుకుంటే నైలాన్ తెగిపోతుంది. తెగినవాడు దారం బాగాలేదని మా మీదకొస్తాడు, పక్కవాడు ఏమీ తెలియనట్టు టీ తాగుతుంటాడు.

ఒకరికి చేప పడగానే రెండు పక్కలవాళ్లూ గాలాలు పైకి లాగేయాలి. తమకీ బెండు కదులుతున్నా సరే. పెద్ద బొచ్చ నేరుగా గట్టుకు రాదు, అడ్డంగా పరుగెత్తుతుంది. ఆ దారిలో దారం ఉంటే చుట్టుకుంటుంది, చేపా పోతుంది, రెండు గాలాలూ పోతాయి. గట్టు మీద దోస్తీ ఎంతుందో ఆ అర నిమిషంలో తెలిసిపోతుంది. రీలు బిగువు ముందే సరిచూసుకోండి: 8 కిలోలు తట్టుకునే దారానికి రెండు రెండున్నర కిలోల లాగుడుకు రీలు వదలాలి. స్ప్రింగ్ కాటా కొక్కేనికి కట్టి లాగి చూడొచ్చు. కాటా కౌంటర్ మీదే ఉంది, డబ్బులేమీ అక్కర్లేదు.

వల పట్టేది పక్కవాడే. చేప దగ్గరికొచ్చాక వలతో దాని మీదికి దూకొద్దు, వల తగిలిన చేప చివరి పరుగు తీస్తుంది, ఎక్కువ చేపలు పోయేది అక్కడే. వలను ముందే నీళ్లలో ముంచి కదపకుండా ఉంచాలి. గాలం ఉన్నవాడు చేపను పక్కకు వాల్చి వల మీదికి లాక్కురావాలి, తల లోపలికి వచ్చాకే ఎత్తాలి. పిడి పట్టి ఎత్తితే బరువుకు పిడి వంగుతుంది, దగ్గరికి లాక్కుని చట్రం పట్టుకుని ఎత్తండి. స్ప్రింగ్ మీద నాలుగైదు గాలాలు కట్టే గుత్తి వాడేవాళ్లు మరీ జాగ్రత్త. ఖాళీ గాలం ఒకటి వల కంతలో చిక్కితే చేప బయటే వేలాడుతుంది. అదే గాలం వల పట్టినవాడి వేలికి దిగొచ్చు. గాలం మొన దగ్గరుండే ఎదురు ముల్లు దాటి దిగితే గట్టు మీద పీకకండి, దారం కత్తిరించి ఆసుపత్రికి తీసుకెళ్లండి, టెటనస్ సూది అడగండి.

ఇందుకే చిన్న చట్రం వలలు అమ్మడం ఆపేశాం. మూడు కిలోల చేపకే అవి చాలట్లేదు. రబ్బరు పూత ఉన్న 70 సెంటీమీటర్ల వలలు తెచ్చాం, గాలాలు వీటిలో తక్కువ చిక్కుతాయి. ఖరీదెక్కువ, ఒప్పుకుంటాం. ఐదుగురికి ఒక్కటి చాలు కాబట్టి రోజుకు 50 రూపాయల అద్దెకూ ఇస్తున్నాం.

చెరువు సంఘం అనుమతి లేకుండా గాలం వేస్తామనేవాళ్లకు ఒక మాట. బొచ్చ, రవ్వ, మోసు నిలిచిన చెరువు నీళ్లలో తమంతట తాము గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే ఏరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసం సూదితో వాటిచేత గుడ్లు పెట్టించాకే చెరువులకు నాణ్యమైన పిల్లలు దొరికే దారి పడింది. జూలై 10ని చేప రైతుల దినోత్సవంగా జరిపేది అందుకే. బంగారు తీగ మాత్రం నాచు మీద తానే పెడుతుంది. అంటే మీ గాలానికి పడే బొచ్చ ఎవరో తెచ్చి వదిలిందే. ముందే సంఘాన్ని అడిగి, ఎన్ని గాలపు కర్రలో రసీదులో రాయించుకోండి.

చివరిగా ఖాతా. గుంపు పేరు మీద అప్పు ఇకమీదట రాయం. ఎవరి వాటా ఎంతో మా పుస్తకంలో వెతుక్కుని, కౌంటర్ ముందే మాటా మాటా అనుకుంటున్నారు. ఒక్కరి పేరు మీద కొనండి, పంపకాలు మీలో మీరు చూసుకోండి. పాత బాకీలు దసరా లోపు తేల్చండి.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే తెరుస్తున్నాం. వల కావాలంటే శనివారం సాయంత్రంలోగా చెప్పండి, నాలుగే ఉన్నాయి. తిరిగి ఇచ్చేటప్పుడు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి ఇవ్వండి. చేప జిగట అలాగే ఉంటే రాత్రికి ఎలుకలు కొరికేస్తున్నాయి, ఒకటి ఇప్పటికే అలా పోయింది.