విదేశాంగ మంత్రి గారికి, కలకత్తాలో జరిగిన ఆ సంతకాల గురించి

నమస్కారం సార్,

మీకొచ్చే వినతులు చాలావరకు వీసాలూ, గల్ఫ్‌లో ఇరుక్కున్న మనవాళ్ళ గురించే ఉంటాయి, ఇది మాత్రం అసలు మన దేశస్తుల విషయమే కాదు. అయినా మీకే ఎందుకంటే, 1959 ఆగస్టు 13న జపాన్ రెడ్‌క్రాస్, ఉత్తర కొరియా రెడ్‌క్రాస్ సంతకాలు పెట్టుకున్నది మన కలకత్తాలో. ఆ కాగితంతోనే జపాన్‌లో ఉన్న కొరియన్లని ఉత్తర కొరియాకి ఓడలెక్కించారు. ఆ డిసెంబర్‌లో నీగాటా రేవు నుంచి మొదటి ఓడలు కదిలాయి, 1984 దాకా వెళ్ళినవాళ్ళు 93 వేల పైమాటే.

నేను ఒసాకాలో ఇకునో వార్డులో ఉంటున్నా, ఇక్కడ అడుగడుక్కీ కిమ్చి (కొరియావాళ్ళ పచ్చడి) కొట్లే. మా కింద కొట్టు మామ్మగారికి 80 దాటాయి, సొంతూరు జెజు దీవి, అంటే దక్షిణ కొరియా. ఓడెక్కినవాళ్ళలో ఎక్కువమందిది దక్షిణమే, ఉత్తర కొరియా మొహం చూసినవాళ్ళు కారు. మరి ఎందుకెళ్ళారంటే, 1952లో జపాన్ వీళ్ళ పౌరసత్వం తీసేసింది, మంచి ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, పైగా ఉత్తర కొరియా వైపు సంఘం చోసెన్ సోరెన్ వాళ్ళు అక్కడ చదువు ఫ్రీ, వైద్యం ఫ్రీ, భూలోక స్వర్గం అని ఊదరగొట్టారు, జపాన్ పేపర్లూ అదే పాట పాడాయి, ప్రభుత్వానికేమో పీడ విరగడవుతుందన్న సంబరం (ఇది నా అభిప్రాయమే అనుకోండి).

ఈవిడ పెద్దన్నయ్య యూనివర్సిటీలో చదువుకుంటానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. లెటర్లలో స్వెట్టర్లు, వాచీలు, మందులు అడిగేవాడట. సోరెన్‌తో తెంచుకుంటే అక్కడ అన్నకేమవుతుందోనని ఈవిడ అందులోనే ఉండిపోయింది, తమ్ముడేమో దక్షిణ కొరియా పాస్‌పోర్టు తీసుకుని ఆ దేశం వైపు సంఘం మిందాన్‌లో చేరాడు. ఒకే ఒక్కసారి ఓడలో వెళ్ళి అన్నని చూసింది, అదీ పక్కన ఇంకో మనిషి కూర్చుని వింటుండగా. 2006లో ఉత్తర కొరియా మిసైళ్ళు పేల్చాక ఆ మాంగ్యాంగ్‌బాంగ్ ఓడని జపాన్ రానివ్వలేదు, తర్వాత లెటర్లూ ఆగిపోయాయి.

ఉన్నాడో పోయాడో తెలీదు. వీళ్ళూ మన తద్దినంలాగే పోయిన రోజునే పెడతారు, రోజు తెలియకుండా ఎప్పుడు పెట్టేది అంటుంది. పోయాడనే అనుకో అన్నాడట తమ్ముడు, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు, ఉండేది రెండు స్టేషన్ల దూరంలో.

తప్పెవరిదో తేల్చమనట్లేదు సార్. ప్యాంగ్యాంగ్‌తో జపాన్‌కి దౌత్య సంబంధాల్లేవు, మనకి 1973 నుంచీ ఉన్నాయి. 1953లో కొరియా యుద్ధ ఖైదీల కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్యే చైర్మన్, అంటే ఇలాంటి పని మనకి కొత్త కాదు. 2014లో స్టాక్‌హోమ్‌లో తమ దగ్గరున్న జపాన్ వాళ్ళ ఆచూకీ తీస్తామని మాటిచ్చిన ఉత్తర కొరియా, 2016లో దానికోసం వేసిన కమిటీనే ఎత్తేసింది, పైగా ఇలాంటి కొరియన్ అన్నదమ్ముల ఊసు అందులో లేనే లేదు.

పేరు, పుట్టిన తేదీ, ఓడెక్కిన సంవత్సరం ఇస్తే, మనిషి ఉన్నాడా, లేకపోతే ఏ తేదీన పోయాడు, ఇంతమాత్రం రెడ్‌క్రాస్ ద్వారా చెప్పించమని రెండువైపులా అడగండి. అన్న వివరాలు ఇక్కడ రాస్తే అక్కడివాళ్ళకి ఇబ్బంది, మీ ఆఫీసు నుంచి ఎవరడిగినా విడిగా పంపిస్తా.

ఇట్లు,
ఒసాకాలో ఉంటున్న ఒక తెలుగువాడు