పదడుగుల రింగుని కాస్త కిందకి దింపించండి: విజయనగరం కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విజయనగరం జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారం. నేను మన ఊళ్ళో మూడు లాంతర్ల కూడలి దగ్గర చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. సోమవారం పూట అర్జీ పట్టుకుని బయల్దేరేవాళ్ళు కొందరు మా షాపులో ఆగి కాపీలు తీయించుకుంటారు. కాబట్టి అర్జీ ఎలా ఉండాలో నాకు తెలుసు. ఒక పేజీ దాటకూడదు, కింద ఫోన్ నంబరు ఉండాలి. కిందటేడు పిల్లల కోసం బాస్కెట్‌బాల్ రింగు దింపించమని అలాంటిదొకటి నేనే రాసుకుని ఒక ఆఫీసులో ఇచ్చాను. రెండు వారాలకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. సంతోషంగా గ్రౌండుకి వెళ్ళి చూస్తే రింగు ఎక్కడిదక్కడే ఉంది, పదడుగుల ఎత్తున. అందుకని ఈసారి పేజీ దాటినా ఫరవాలేదనుకుని అందరూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది చిన్నదే. ఎలిమెంటరీ బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివే మగపిల్లలకి చలికాలంలో ఒక బాస్కెట్‌బాల్ లీగు పెట్టించండి. వాళ్ళ కోసం రింగుల్ని ఎనిమిదిన్నర అడుగులకి దింపించండి.

మావాడు నాలుగో తరగతి. నేను కాలేజీ రోజుల్లో గార్డుగా, అంటే బంతిని ముందుకి నడిపించేవాడిగా ఆడాను, పెద్ద గొప్పగా ఏమీ కాదు. ఆ సరదా చావక ఆదివారం పొద్దున్నే వాణ్ణీ, పక్కవీధి కుర్రాళ్ళని ఇద్దర్నీ తీసుకుని ఊళ్ళో ఒక బాస్కెట్‌బాల్ కోర్టుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ముగ్గురు కాస్తా నెల తిరిగేసరికి ముప్పై మందయ్యారు. కొందరు తల్లిదండ్రులైతే బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారని తీసుకొచ్చారు. అది ఆటవల్ల వచ్చేది కాదండీ, మీ ఇంటివాళ్ళ ఎత్తే వస్తుంది అని చెప్పాను. అయినా వదిలిపెట్టి వెళ్ళారు. ఆదివారం పూట రెండు గంటలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనేమో.

పిల్లలు వచ్చారు గాని ఆట రాలేదు. మా దగ్గర ఉన్నది పెద్దవాళ్ళాడే 7వ నంబరు బంతి. బరువు 600 గ్రాములకి అటూఇటూ. మూడో తరగతి పిల్లాడు దాన్ని రెండు చేతులా పట్టుకుంటే వాడి మొహం కనపడదు. షాట్ అంటే నూతిలోంచి చేద తోడినట్టు మోకాళ్ళ దగ్గర్నించి పైకి విసరడమే. బంతి సగం దూరం వెళ్ళి, బుద్ధి మార్చుకుని తిరిగొచ్చి వాడి ముక్కుకే తగులుతుంది. ఒక ఆదివారం అరగంట మ్యాచ్ ఆడిస్తే స్కోరు 2-0. ఆ రెండూ కూడా ఒకడు పొరపాటున సొంత రింగులో వేసుకున్నవి. ఆ రోజే ఒక బుడతడు నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తూ అడిగాడు: “మావా, దీన్ని ఎవులు ఇంత ఎత్తున కట్టినారు?”

మంచి ప్రశ్నే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు కట్టించారు. బయట చలికి ఆడలేక, లోపల కసరత్తులతో విసిగిపోయిన తన క్లాసు కుర్రాళ్ళ కోసం ఈ ఆట కల్పించారు. పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెప్పించి, జిమ్‌లో పైనుండే బాల్కనీ రెయిలింగుకి మేకులతో కొట్టించారు. ఆ బాల్కనీ నేల నుంచి పదడుగుల ఎత్తున ఉంది. రింగు ఎత్తు వెనకున్న శాస్త్రం అంతే సార్. బాల్కనీ తొమ్మిదడుగులకి కట్టి ఉంటే ఇవాళ ప్రపంచమంతా తొమ్మిదడుగుల రింగే ఉండేది. పైగా ఆ బుట్టలకింద ఆడినవాళ్ళు ఎదిగిన మగాళ్ళు, మా మూడో తరగతి వాళ్ళు కాదు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబాయే పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మినీ బాస్కెట్‌బాల్ అని వేరే ఆట పెట్టింది. అందులో రింగు ఎత్తు 2.60 మీటర్లు, అంటే మన లెక్కలో ఎనిమిదిన్నర అడుగులు. బంతి 5వ నంబరుది, అర కేజీ లోపే. రింగు వెనకుండే బోర్డు కూడా చిన్నదే, నాలుగుకి మూడడుగులు. చిన్నపిల్లలకి సైకిలు చిన్నది కొంటాం, చెప్పులు చిన్నవి కొంటాం. రింగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘పెద్దయ్యాక అందుతుందిలే’ అంటాం.

ఊళ్ళో ఒక వెల్డింగ్ షాపుకి వెళ్ళి నలభై అయిదు సెంటీమీటర్ల గుండ్రం రెండు చేసిపెట్టమన్నాను. “గ్రిల్లుకా, గేటుకా?” అన్నాడు. బుట్టకి అన్నాను. రాడ్డు వంచి గుండ్రం చేసి, ప్లైవుడ్ ముక్కకి బిగించి, పాత స్తంభానికే యూ బోల్టులతో ఎనిమిదిన్నర అడుగుల దగ్గర కట్టాం. నెట్టు కోసం భోగాపురం వైపు సముద్రం పక్క ఊరి నుంచి వచ్చే మా కస్టమర్ ఒకాయన పాత వల ముక్క తెచ్చిచ్చారు. వాళ్ళావిడ దాన్ని గరాటులా అల్లి పంపారు. మొదటి వారం దగ్గరికెళ్తే కొంచెం చేపల వాసన వేసింది. 5వ నంబరు రబ్బరు బంతులు రెండు కొన్నాం. ప్లైవుడ్డూ బంతులూ అన్నీ కలుపుకుని నాకైన ఖర్చు నాలుగువేల ఆరువందలు.

డిసెంబరు మధ్యలో లీగు మొదలుపెట్టాం. జట్టుకి ఎనిమిది మంది, నాలుగు జట్లు. పేర్లు వాళ్ళే పెట్టుకున్నారు: రాకెట్లు, బుల్లెట్లు, తుపాన్లు, కందిరీగలు. ఆరు నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఒకే ఒక్క గట్టి రూలు పెట్టాను, జట్టులో ప్రతివాడూ కనీసం రెండు క్వార్టర్లు ఆడాలి. బాగా ఆడేవాణ్ణి నాలుగు క్వార్టర్లూ ఉంచమని ఒక నాన్నగారు గొడవపడ్డారు. టీ తాగించి పంపాను. సంక్రాంతికి రెండు వారాలు ఆపి, మొత్తం ఆరు ఆదివారాల్లో పన్నెండు మ్యాచ్‌లు ఆడించాం. స్కోరు గోడమీద సుద్దముక్కతో రాసేవాళ్ళం.

పొద్దున్న ఆరున్నరకి వెళ్తే అవతలి రింగు కనపడేది కాదు, అంత మంచు. సిమెంటు కోర్టు తడిసి ఉండేది. జారి పడతారని గోనెపట్టాతో తుడిచేవాళ్ళం. ఆ తుడవడం కోసమే పిల్లలు అరగంట ముందొచ్చేవారు. ఒకడు గోనె మీద కూర్చోవడం, ఇద్దరు లాగడం. ఆటకన్నా అదే బావుందేమోనని నాకు అనుమానం. కోర్టు అంచున స్లిప్పర్లు వరసగా, వాటిమీద మంకీ క్యాపులు.

వాళ్ళలో ఒక ఆటో డ్రైవరు గారబ్బాయి ఉన్నాడు, అందరికన్నా చిన్నవాడు. పదడుగుల రింగు కింద మూడు నెలలు వచ్చాడు. ఒక్కసారి కూడా వాడి బంతి నెట్టుకి తగల్లేదు. లీగులో రెండో ఆదివారం బంతి వాడి చేతికొచ్చింది. నాలిక పళ్ళమధ్య పెట్టుకుని, రెండు చేతులూ నుదుటి దగ్గరికి తెచ్చి వేశాడు. కిందనుంచి విసరలేదు, నిజంగా షాట్ వేశాడు. బంతి రింగుమీద ఒకసారి గెంతి, చేపల వలలోంచి సర్రున జారింది. వాడు వెనక్కి పరిగెత్తాలి గదా, పరిగెత్తలేదు. రింగు కేసి చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఈలోగా అవతల వాళ్ళు వెళ్ళి రెండు పాయింట్లు వేసుకున్నారు. శాలువా కప్పుకుని గట్టుమీద కూర్చున్న వాళ్ళ నాయనమ్మ మాత్రం అవతలి రెండు పాయింట్లూ చూడలేదు. “మా గుంటడు ఏసీసినాడు బావూ” అని నాకు మూడుసార్లు చెప్పింది.

చలికాలమే ఎందుకంటే చెప్తాను. అమెరికాలో చలికాలం లీగంటే బయట మంచు పడుతుంది కాబట్టి గోడల మధ్య ఆడతారు. మన దగ్గర పిల్లలు హాయిగా ఆరుబయట ఆడగలిగేది చలికాలం ఒక్కటే. జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. పైగా అక్టోబరు అంటే మనకి పైడితల్లమ్మ సిరిమాను పండగ, ఊళ్ళో ఇంకో పని సాగదు. మార్చి వచ్చిందంటే పరీక్షల టెన్షన్, ఒంటిపూట బడులు, తొమ్మిది దాటితే సిమెంటు మీద వట్టి కాలు పెట్టలేం. మా పిల్లల్లో సగం మందికి బూట్లు లేవు. ఇక మిగిలింది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆ మూడు నెలలూ మా వయసువాళ్ళం వాకింగుకి వాడుకుంటున్నాం.

మండల, జిల్లా పోటీలంటే మనకి అండర్-14, అండర్-17 అనే గుర్తు. నాలుగో తరగతి పిల్లాడికి తొమ్మిదేళ్ళు. అండర్-14 అంటే వాడు పదమూడేళ్ళ అన్నలతో పోటీ పడాలి. ఎవరు తీసుకుంటారు? విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, తరగతులకి కావలసిన ఆట వస్తువులు ఇవ్వాలని ఉంది. వ్యాయామం నేర్పే మనిషి మాటకొచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ వందమందికి పైగా పిల్లలుంటే, పార్ట్ టైముగా అని రాసుంది. ఒకటి నుంచి అయిదుకి ఆ ఊసే లేదు. అంటే బంతి ఉంటుంది, ఆడించేవారుండరు. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద ప్రాథమిక పాఠశాలకి ఏడాదికి 5,000 రూపాయల వరకు క్రీడా గ్రాంటు ఉంది. నేను చూసిన ఒక బడిలో ఆ డబ్బుతో కొన్న వస్తువులు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయి. మేడమ్ గారిని తప్పు పట్టలేను. అయిదు తరగతులకీ ఇద్దరే టీచర్లు.

అందుకే మీకు రాస్తున్నాను. విద్యాశాఖనీ, క్రీడల వాళ్ళనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది జిల్లాలో మీరే. కోర్టు ఉన్న హైస్కూళ్ళలో ఉన్న స్తంభాలకే ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున రింగులు కట్టించి, చలికాలం శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దున్నో చుట్టుపక్కల ఎలిమెంటరీ బడుల పిల్లలకి గేటు తీయించండి. నాలుగైదు బడులు కలిసి గ్రాంటులోంచి తలా ఒక 5వ నంబరు బంతి కొన్నా చాలు. ఆడించడానికి హైస్కూలు పీఈటీ మాస్టార్లు వస్తారు, వాళ్ళకి ఆ ఆదివారాలకి సీసీఎల్, అంటే సెలవు రోజు చేసిన పనికి బదులు ఇంకో రోజు సెలవు, ఇప్పించండి. ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. సీసీఎల్ మాట వినగానే మొహాలు వెలిగాయి. ఆట అయ్యాక తలా ఒక కోడిగుడ్డు ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

కబడ్డీ ఉండగా బాస్కెట్‌బాల్ ఎందుకని కొందరడిగారు. కబడ్డీ మనం పెట్టకపోయినా వాళ్ళాడుకుంటారు, దానికి బరి గీస్తే చాలు. క్రికెట్‌లో ఒకడు బ్యాటింగ్ చేస్తే మిగతావాళ్ళు నిలబడాలి. బాస్కెట్‌బాల్‌కి 28 మీటర్ల పొడుగు, 15 మీటర్ల వెడల్పు చాలు, పదిమందీ ఆపకుండా పరిగెడతారు. ఏ ఆట ఎక్కడ నాటుకుంటుందో ముందే చెప్పలేం కూడా. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడండి. పల్లెటూరు, అక్కడ వెయిట్‌లిఫ్టింగ్ నాటుకుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఆ ఊరి పిల్లలకి బరువు ఎక్కడో స్టేడియంలో కనపడలేదు, పక్కింట్లో కనపడింది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారు వ్యాయామశాల నడిపిన ఊరు మనది, ఇక్కడ నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మగపిల్లలకేనా అని మా ఇంట్లోనే గొడవైంది. మా పెద్దమ్మాయి ఏడో తరగతి, ఈ ఉత్తరం చిత్తుప్రతి చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దాని కోపం న్యాయమైనదే. మా దగ్గరికి వచ్చిన ముప్పైరెండు మందీ మగపిల్లలే, నేను ఆడించి చూసింది వాళ్ళనే, అందుకే వాళ్ళ సంగతి రాశాను. అవే రింగులమీద ఆడపిల్లల లీగు ఇంకో పూట నడుస్తుంది, ఖర్చు పైసా పెరగదు. వాళ్ళని ఆడించే బాధ్యత తను తీసుకుంటానంది. ఏడో తరగతి కోచ్ అని నవ్వకండి, నాకన్నా గట్టిగా విజిలు ఊదుతుంది.

ఇంకొక్క మాట. దయచేసి దీన్ని సెలక్షన్ చేయకండి. ప్రైజు మనీ వద్దు, నాకౌట్ వద్దు. ఓడిన జట్టు ఇంటికెళ్ళిపోయే ఆట తొమ్మిదేళ్ళవాళ్ళకి పనికిరాదు, వచ్చే ఆదివారం మళ్ళీ ఆడాలి. ప్రారంభోత్సవం కూడా వద్దండీ. కిందటేడు ఒకచోట గ్రౌండు అడగబోతే ముందు అడిగిన ప్రశ్న “ముఖ్య అతిథి ఎవరు?” అని. ఎవరూ లేరన్నాను. గేటు తాళం దొరకలేదు.

మేం చేయించిన రింగులు రెండూ ఇప్పుడు మా షాపులోనే ఉన్నాయి, జిరాక్స్ మెషిన్ వెనక గోడకి ఆనించి. మీ ఇంజినీరు గారెవర్నైనా పంపితే కొలతలు తీసుకోవచ్చు. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉంటాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర భోజనానికి ఇంటికెళ్తాను, ఆ టైములో మాత్రం వద్దని చెప్పండి.

ఇట్లు,
మూడు లాంతర్ల దగ్గర జిరాక్స్ షాపు మనిషి,
విజయనగరం