చదివి రాసే డిజర్టేషన్‌కూ పద్ధతి ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఎం.ఎస్‌.డబ్ల్యు. (సోషల్ వర్క్ పీజీ) నాలుగో సెమిస్టర్ అనగానే డిజర్టేషన్, అంటే విద్యార్థి రాసి ఇవ్వాల్సిన పరిశోధన వ్యాసం, హడావుడి మొదలవుతుంది. ఊళ్లోకి వెళ్లి 50 మందితో ప్రశ్నావళి నింపించుకొస్తేనే పరిశోధన అనీ, ఉన్న అధ్యయనాలు చదివి రాసేది కాపీ పని అనీ ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. ఇది సరికాదు. హాస్టల్ గదిలో కూర్చుని నింపేసిన 50 ప్రశ్నావళుల కంటే, పద్ధతిగా వెతికి, చదివి, తూచి రాసిన 20 అధ్యయనాల సమీక్ష ఎంతో మేలు. బాల్యవివాహం, గృహహింస లాంటి విషయాల్లో దెబ్బతిన్నవాళ్ల చేత అదే గోడు మళ్లీ మళ్లీ చెప్పించడం కూడా తగ్గుతుంది. అయితే ఆ పద్ధతి ఏమిటో విద్యార్థికి ముందే, కాగితం మీద చెప్పాలి.

బాల్యవివాహాలనే తీసుకుందాం. ‘తెలంగాణలో బాల్యవివాహాలు - ఒక అధ్యయనం’ అన్నది శీర్షిక అవుతుంది కానీ ప్రశ్న కాదు. ‘బడి మానేయడానికీ 18 ఏళ్లలోపు పెళ్లికీ ఉన్న సంబంధం గురించి, 2007 నవంబరులో బాల్యవివాహాల నిషేధ చట్టం అమల్లోకి వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల మీద జరిగిన అధ్యయనాలు ఏం తేల్చాయి?’ అంటే అది ప్రశ్న. విషయం, కాలం, చోటు మూడూ అందులో ఉన్నాయి. ఏ వ్యాసం ఉంచాలో ఏది తీసేయాలో అవే చెబుతాయి.

వెతకడానికి గూగుల్ స్కాలర్ ఒక్కటే చాలదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ, ఆరోగ్య కోణానికి పబ్‌మెడ్, మన రంగానికి ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ కూడా చూడాలి. ‘చైల్డ్ మ్యారేజ్’తో పాటు ‘ఎర్లీ మ్యారేజ్’ అనీ కొట్టాలి. చాలామంది పొరపడేది ఇంకోచోట. 2014కు ముందు మహబూబ్‌నగర్ మీద వచ్చిన వ్యాసంలో రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. ‘తెలంగాణ’ అని మాత్రమే వెతికితే అది కంటపడదు.

వెతికిన ప్రతిసారీ తేదీ, ఎక్కడ వెతికారు, ఏ మాటలు కొట్టారు, ఎన్ని వచ్చాయి అన్నది నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఉదాహరణకు 240 వచ్చాయనుకుందాం. రెండేసి చోట్ల కనబడ్డ 60 తీసేస్తే 180. సారాంశం చదివి 130 పక్కన పెడితే 50. వాటిని పూర్తిగా చదివాక 22 మిగిలితే, వదిలేసిన 28 ఎందుకు వదిలేశారో ఒక్కో ముక్కలో కారణం ఉండాలి. సమీక్షల్లో ఎన్ని దొరికాయి, ఎన్ని మిగిలాయి అని చూపే ప్రిస్మా చిత్రం అంటే ఈ లెక్కే. పనంతా అయ్యాక గుర్తు తెచ్చుకుని వేస్తే అంకెలు కలవవు.

చదివిన ప్రతి అధ్యయనానికీ పట్టికలో ఒక వరస: ఎవరు, ఏ ఏడు, ఎక్కడ, ఎంతమందిని, ఏ పద్ధతిలో, ఏం తేల్చారు, లోపమేమిటి. రాసేటప్పుడు మాత్రం పట్టికను అడ్డంగా కాదు, నిలువుగా చదవాలి. ‘ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు’ అని 30 పేజీలు అప్పజెబితే అది సమీక్ష కాదు. ‘బడి దూరం కావడమే కారణమన్నవి ఇన్ని, పేదరికం వల్ల ముందే చదువు ఆగిందన్నవి ఇన్ని, తేడా ఎందుకంటే మొదటివి తల్లిదండ్రులను అడిగాయి, రెండోవి అమ్మాయిలను అడిగాయి’ అని రాయగలిగితే విద్యార్థి సొంత బుద్ధి పనిచేసినట్టు.

అంకెల దగ్గర జరిగే తప్పులు మరీ బాధ కలిగిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇది 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారి శాతం. ‘రాష్ట్రంలో 29.3 శాతం బాలికలకు పెళ్లిళ్లు అవుతున్నాయి’ అని రాయకూడదు. తెలంగాణలో నాలుగో సర్వే నాటి 26.2 నుంచి తగ్గినదంతా కల్యాణలక్ష్మి చలవే అని రాయడమూ కుదరదు. ఈ సర్వే జరిగిన 2019లో 24 ఏళ్లున్న మహిళకు 18 నిండింది 2013 ప్రాంతంలో. పథకం మొదలైంది 2014 అక్టోబరులో, అంటే ఆ తర్వాతే. ఇక పల్నాడు జిల్లా అంకె కోసం ఈ సర్వేలో వెతికితే దొరకదు, ఆ జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్‌లో. అప్పటి గుంటూరు జిల్లా అంకె తీసుకుని, ఆ మాట స్పష్టంగా రాయాలి. నేర గణాంకాల్లో ఉండేది నమోదైన కేసులే తప్ప జరిగిన పెళ్లిళ్లు కావు.

కాపీ గురించి యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. సాఫ్ట్‌వేర్ పట్టుకోలేనిది మరొకటుంది: కృత్రిమ మేధ పుట్టించిన, అసలు లేని వ్యాసాల పేర్లు. తెరిచి చదవని వ్యాసం ఆధారాల జాబితాలోకి ఎక్కకూడదు.

చేతిలో 16 వారాలుంటే ప్రశ్నకు 2, వెతికి వడకట్టడానికి 3, చదివి పట్టిక నింపడానికి 4, రాయడానికి 5, దిద్దుకోవడానికి 2 సరిపోతాయి. చదవడం 12వ వారం దాకా సాగదీసినవాళ్లే చివరికి డీటీపీ సెంటర్ల వెంట పడతారు.

విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ విభాగాలకు మా విన్నపం ఇది. వెతికిన నోట్‌బుక్కునూ, పట్టికనూ డిజర్టేషన్‌కు అనుబంధంగా జత చేయడం తప్పనిసరి చేయండి. వాటికి విడిగా మార్కులు పెట్టండి. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఆ పట్టికలోంచి ఏదో ఒక వరస చూపించి, ఆ అధ్యయనం ఎందుకు తీసుకున్నావని అడగండి.

- కొందరు సోషల్ వర్క్ అధ్యాపకులు